ముందు వాళ్ళ ప్రశ్న వినాలి

పాపకి అప్పుడు పది నెలలు. మ్యూనిక్‌కి మేమొచ్చి నాలుగు నెలలు. ఒక ఆదివారం మధ్యాహ్నం పాప ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఇండియా నుంచి తెచ్చుకున్న జ్వరం సిరప్ సీసాలో చుక్క లేదు. మా ఆయన ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నారు. జర్మనీలో ఆదివారం దుకాణాలు తెరవరు. పారాసెటమాల్ లాంటి మామూలు మందు కూడా ఫార్మసీలోనే అమ్మాలి. దాన్ని ఇక్కడ అపోటేకె అంటారు. సబ్బులు, షాంపూలు అమ్మే డ్రగ్ స్టోరులో ఆ మందు దొరకదు. అయితే సెలవు రోజుల్లో, రాత్రుళ్ళు ప్రతి ప్రాంతంలో ఏదో ఒక అపోటేకె వంతులవారీగా పనిచేస్తుంది. ఆ రోజు ఏది తెరిచి ఉందో ఫోన్‌లో వెతుక్కుని, పాపను గుండెకు కట్టుకుని ట్రామ్ ఎక్కాను.

తలుపు మూసే ఉంది. అందులో చిన్న కిటికీ. బెల్ కొడితే లోపలి నుంచి ఒకావిడ వచ్చింది. "ఫీబర్" అని పాపను చూపించాను. జ్వరం అన్నమాట. ఇంటి దగ్గరే నేర్చుకుని వెళ్ళిన మాట అది. ఆవిడ వెంటనే అడిగింది: "వీ ష్వేర్ ఇస్ట్ డీ క్లైనె?"

అందులో నాకు తెలిసిన మాట ఒక్కటే, ష్వేర్. యూట్యూబ్ పాఠంలో మొదటి వారమే విన్నాను, "డాయిచ్ ఇస్ట్ ష్వేర్", జర్మన్ కష్టం అని. పాపకి ఎంత కష్టంగా ఉందో అడుగుతోందనుకున్నాను. "జేర్ ష్వేర్" అన్నాను, చాలా ఎక్కువగా ఉందని. ఆవిడ పాప వంక ఒకసారి చూసి మళ్ళీ అదే ప్రశ్న వేసింది. నేను మళ్ళీ అదే జవాబు చెప్పాను, ఈసారి ఏడుపు గొంతుతో. ఫోన్ తీసి అనువాదం యాప్ కిటికీ దగ్గర పెట్టాను. వెనక ట్రామ్ మోత, పాప ఏడుపు. యాప్ ఏదో రాసింది, దానికి తలా తోకా లేదు.

అప్పుడావిడ రెండు అరచేతులూ దోసిలిలా పట్టి, ఏదో తూస్తున్నట్టు పైకీ కిందికీ ఆడించింది. "కీలో? కీలో?"

బరువు! ష్వేర్ అంటే కష్టమే కాదు, బరువు కూడా. పసిపిల్లలకి మందు బరువును బట్టి ఇస్తారు కాబట్టి అడుగుతోంది. ప్రాణం లేచొచ్చి ఇంగ్లీషులో "నైన్!" అన్నాను. తొమ్మిది కిలోలు. ఆవిడ చేతులు ఆగిపోయాయి. జర్మన్‌లో 'నైన్' అంటే 'కాదు', 'లేదు'. తొమ్మిదిని వాళ్ళు 'నోయిన్' అంటారు. చివరికి వేళ్ళు చూపించాను, ఒక చెయ్యి, ఇంకో నాలుగు వేళ్ళు. మందు చేతికొచ్చింది. ఆదివారం వంతుకి రెండున్నర యూరోలు అదనంగా తీసుకున్నారు, అది ఇక్కడి నియమం. ట్రామ్‌లో కూర్చున్నాక నా చేతులు వణకడం మొదలైంది.

ఆ రోజు నాకు భాష రాకపోవడం ఒక ఇబ్బంది. ఇంగ్లీషు రావడం ఇంకో ఇబ్బంది. రెండోదాని గురించి మనవాళ్ళు మాట్లాడుకోరు. "జర్మనీ వస్తున్నాం, భాష రాదు, ఎలా?" అని ఎవరైనా అడిగితే "ఇంగ్లీషుతో నడిచిపోతుందిలే" అని ధైర్యం చెప్తాం. నిజమే, ఆఫీసులో నడిచిపోతుంది. మా ఆయన టీములో ఏడు దేశాలవాళ్ళున్నారు, మాటలన్నీ ఇంగ్లీషులోనే. కానీ పాలు తెచ్చేది, మందు తెచ్చేది, పాపకి టీకా వేయించేది, పక్కింటికి వెళ్ళిన పార్సిల్ అడిగి తెచ్చేది ఆఫీసు కాదు. అవి చేసేది ఇంట్లో ఉన్న మనిషి. మన ఇళ్ళల్లో చాలాసార్లు ఆ మనిషి భార్య. భాష అసలు అవసరం పడేది ఆమెకి, అయినా ఆమెకే భాష లేకుండా పంపిస్తున్నాం.

ఇందులో చట్టం పాత్ర కూడా ఉంది. 2007 నుంచి భర్త దగ్గరికి వచ్చే భార్య, భార్య దగ్గరికి వచ్చే భర్త వీసాకి ముందే ఏ1 అనే మొదటి స్థాయి జర్మన్ పరీక్ష పాసవ్వాలని నియమం ఉంది. బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద వచ్చే ఇంజనీర్ల కుటుంబాలకి మాత్రం దాన్నుంచి మినహాయింపు. నేను ఆ మినహాయింపు కిందే వచ్చాను. అప్పుడు పండగ చేసుకున్నాం, ఒక పరీక్ష తప్పిందని. మా బిల్డింగులో ఉండే ఒక టర్కీ అమ్మాయి ఆ పరీక్ష రాసి వచ్చింది. వచ్చిన వారానికే రొట్టెలషాపులో మాట్లాడుతోంది. నేను సెల్ఫ్ చెకౌట్ ఉన్న సూపర్ మార్కెట్ కోసం రెండు స్టాపులు దూరం వెళ్ళేదాన్ని, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదని. టికెట్ మెషీన్‌లో ఇంగ్లీషు నొక్కుతాను, బ్యాంకు యాప్‌లో ఇంగ్లీషు నొక్కుతాను. అలా పన్లన్నీ జరిగిపోతుంటే నేర్చుకోవలసిన అవసరం కనిపించలేదు, ఆ ఆదివారం దాకా.

మా చిన్నమ్మ గుర్తొచ్చింది అప్పుడే.

మాది రైల్వే కోడూరు. ఉమ్మడి కడప జిల్లాలో కోడూరు, రాజంపేట వైపు కువైట్‌కి వెళ్ళిన ఆడవాళ్ళు లేని వీధి ఉండదు. అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, ఐదో తరగతితో బడి మానేసింది. ఇద్దరు పిల్లల్ని మా ఇంట్లో వదిలి కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి వెళ్ళింది. ఇంగ్లీషు లేదు, హిందీ లేదు. మొదటి రోజు ఇంటావిడ "సక్రీ బాబ్" అంటే ఎవరో బాబుని అడుగుతోందనుకుని ఇల్లంతా చూసిందట. బాబ్ అంటే తలుపు, వెయ్యమంటోంది. ఆర్నెల్లలో ఆమె ఆ ఇంటి ముసలామెతో కూర్చుని కబుర్లు చెప్పే స్థితికి వచ్చింది. సెలవు మీద ఊరొచ్చినప్పుడు కూడా నోట్లోంచి "ఖలాస్", "యల్లా" అని వచ్చేసేవి. మేం పిల్లలం ఆమె వెనకాలే తిరుగుతూ "జీబీ మాయ్" అంటే నీళ్ళు తెమ్మని నేర్చుకున్నాం.

ఆ రాత్రి పాప జ్వరం దిగాక చిన్నమ్మకి ఫోన్ చేశాను. ఎలా నేర్చుకున్నావని అడిగాను. ఆమె కాస్త ఆలోచించి చెప్పింది: "నువ్వేం చెప్పల్లో అని ఎతుక్కుంటా ఉంటావు పాపా. నేను అట్లా కాదు. వాళ్ళు ఏమడుగుతారో ముందు అది ఇనుకున్యా. ఇంట్లో దినామూ అడిగేది ఎంతని? నీళ్ళు, రొట్టె, తలుపు, పిల్లోడు తిన్యాడా. ఆ నాలుగూ తెలిస్తే జవాబు చెయ్యే చెప్తుంది."

చిన్నమ్మ జీవితాన్ని అందంగా చూపించాలని నాకు లేదు. ఆమె భయంతో నేర్చుకుంది. మాట అర్థం కాకపోతే తిట్లు పడేవి, పోవడానికి ఇంకో చోటు లేదు. రాని భాషలో ఉన్న కాగితాల మీద వేలిముద్రలు వేసి మోసపోయినవాళ్ళు ఆ ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అలాంటి భయం ఎవరికీ వద్దు. కానీ ఆమె చెప్పిన పద్ధతికి ఆ భయంతో పని లేదు, దాన్ని హాయిగా కూడా చేసుకోవచ్చు. ఆమె చెప్పింది నేను ఒక్కో దుకాణంలో చేసి చూశాను.

మొదట రొట్టెలషాపు. వారం రోజులు పొద్దున్నే వెళ్ళి, వరసలో నిలబడి, ముందున్నవాళ్ళని షాపావిడ ఏం అడుగుతోందో విన్నాను. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో చిన్న పుస్తకంలో రాసుకున్నాను. ఈ పని తెలుగు లిపి చేసినంత బాగా ఇంగ్లీషు లిపి చెయ్యదు. పలికిందే రాస్తాం, రాసిందే పలుకుతాం. నాలుగో రోజుకి తెలిసిపోయింది, ఆవిడ అందర్నీ అడిగేవి ఐదే ప్రశ్నలు, దాదాపు అదే వరసలో. ఏం కావాలి? "సోన్స్ట్ నోఖ్ వాస్?", అంటే ఇంకేమైనా? తీసుకెళ్తారా, ఇక్కడే తింటారా? కార్డా, క్యాషా? చివర్లో "బోన్?", అంటే బిల్లు కావాలా? 2020 జనవరి నుంచి ఒక్క బన్ను కొన్నా బిల్లు ఇచ్చి తీరాలని చట్టం వచ్చింది కాబట్టి ఆ చివరి ప్రశ్న అడగకుండా ఎవర్నీ వదలరు. నన్ను ఇన్నాళ్ళు బెదరగొట్టింది ఈ ఐదే. యాప్‌లో నేను నేర్చుకున్నదేమో "నాకు రెండు రొట్టెలు కావాలి, దయచేసి" అనే పొడుగాటి వాక్యం. దాన్ని అప్పజెప్పగానే ఆవిడ తిరిగి ఒక ప్రశ్న వేసేది, నేను అక్కడే కూలబడేదాన్ని. పైగా పాఠంలో చిన్న రొట్టెని బ్రోట్‌షెన్ అని నేర్పారు. మ్యూనిక్‌లో దాన్ని సెమ్మెల్ అంటారు. వరసలో నిలబడి వినకపోతే అది ఏ పాఠంలో తెలిసేది?

ఇంకోటి కూడా అక్కడే గమనించాను. లోపలికి వచ్చిన ప్రతి మనిషీ ముందు "గ్రూస్ గాట్" అంటున్నాడు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో పలకరింపు అది. నేను ఒక్కరోజూ అనలేదు. మన ఊళ్ళో కిరాణా కొట్టుకెళ్ళి నమస్కారం పెట్టం, "అన్నా, అర కిలో చక్కెర" అంటాం. ఆ 'అన్నా' ఉంది చూశారా, పలకరింపంతా అందులోనే ఉంది. ఇక్కడ దుకాణంలో అన్నా అక్కా లేరు. వాటి చోట్లో ఉన్నది ఈ గ్రూస్ గాట్. అది అనకుండా ఇంగ్లీషులో మొదలుపెడితే, అన్నా అనకుండా "ఏయ్, చక్కెరివ్వు" అన్నట్టే వాళ్ళ చెవికి. "జర్మన్లు ముఖం చిట్లించుకుంటారు" అని మనవాళ్ళు చెప్పే కథల్లో సగం ఇక్కడే పుడతాయని నేను నమ్ముతున్నాను. ఆ ఒక్క మాట నేర్చుకున్న రోజు నుంచి ఆ షాపావిడ పాపకి ఒక చిన్న ముక్క విరిచి ఇవ్వడం మొదలుపెట్టింది.

అన్నిటికన్నా కష్టం ఫోన్. ఎదురుగా మనిషుంటే చెయ్యి, ముఖం, వేలు అన్నీ సాయం చేస్తాయి. ఫోన్‌లో చెవి ఒక్కటే. పిల్లల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కోసం చేస్తే "హాల్ప్ డ్రై" అన్నారు. హాల్ప్ అర, డ్రై మూడు, కలిపితే మూడున్నర అనుకున్నాను. మూడింబావుకే వెళ్ళి కూర్చుంటే, మీ టైము రెండున్నరకే అయిపోయింది, ఇంకో రోజు రండి అన్నారు. వీళ్ళ లెక్కలో హాల్ప్ డ్రై అంటే మూడో గంటలో సగం అయింది అని, అంటే రెండున్నర. ఈ దక్షిణాదిలో ఇంకా ముందుకెళ్తారు. 'పావు మూడు' అంటే రెండుంబావు, 'ముప్పావు మూడు' అంటే పావు తక్కువ మూడు. మనం గడిచిన గంటకి కలుపుతాం, వీళ్ళు రాబోయే గంటలో ఎంత నిండిందో చెప్తారు. ఒక్కసారి అలా ఊహించుకున్నాక మళ్ళీ పొరపాటు పడలేదు. అయినా ఫోన్‌లో ఇప్పటికీ నేను 24 గంటల లెక్కలో తిరిగి చెప్పి ఖాయం చేసుకుంటాను. "పధ్నాలుగు గంటల ముప్పై, అంతేనా?" అంటే ఇక తేడా రాదు. అంకెలు కూడా తిరగేసి పలుకుతారు, ముప్పై ఐదుని 'ఐదూ ముప్పై' అంటారు. ఫోన్ నంబరు చెప్తుంటే రెండో అంకె వినేదాకా మొదటిది రాయకూడదు.

ఇక్కడే నాకు ఇంగ్లీషు మీద ఇంకో ఫిర్యాదు. జర్మన్ నేర్చుకోవడానికి ఇంగ్లీషు దగ్గరి దారి అని అందరూ చెప్తారు. మాటల వరకు సరే. కానీ చలేస్తే ఇంగ్లీషువాడు 'నేను చల్లగా ఉన్నాను' అన్న పద్ధతిలో చెప్తాడు. జర్మన్‌లో "మియర్ ఇస్ట్ కాల్ట్", అచ్చంగా 'నాకు చలిగా ఉంది'. 'నాకు నచ్చింది' కూడా అంతే. కొన్ని వాక్యాల్లో క్రియ తెలుగులోలాగే చివరికి పోతుంది. పెద్దవాళ్ళకి మీరు, సావాసగాళ్ళకి నువ్వు ఉన్నట్టే వీళ్ళకి 'జీ', 'డూ' ఉన్నాయి. నేను మొదటి ఏడాదంతా తెలుగులో అనుకున్నది ఇంగ్లీషులోకి మార్చి, దాన్ని జర్మన్‌లోకి మార్చేదాన్ని. మధ్యలో దుబాసీని తీసేశాక నోరు తేలికపడింది.

తప్పులు ఇంకా చాలా చేశాను. బట్టలుతికే ద్రవం అనుకుని మెత్తదనం కోసం ఆఖర్న వేసేదాన్ని కొని నెల రోజులు దాంతోనే ఉతికాను, పాప బట్టలతో సహా. కొత్తిమీర అనుకుని పార్‌స్లీ కట్ట తెచ్చి చారులో వేశాను, చూడ్డానికి రెండూ ఒకటే. ఆ పార్‌స్లీ సంగతి విప్పి చెప్పింది ఒక టర్కీ కూరగాయల కొట్టు తాత. ఆకు చిదిమి నా ముక్కు దగ్గర పెట్టాడు, తర్వాత ఇంకో కట్టలోంచి ఆకు చిదిమి పెట్టాడు. రెండోది కొత్తిమీర. 1961లో పశ్చిమ జర్మనీ, టర్కీ ఒప్పందం చేసుకున్నాక ఫ్యాక్టరీ పనికి వచ్చిన తరం ఆయనది. ఆ కూలీలు కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళిపోతారనుకుని ప్రభుత్వం వాళ్ళకి భాష నేర్పే ఏర్పాటేమీ పెద్దగా చెయ్యలేదు. ఇప్పుడున్న ఇంటిగ్రేషన్ కోర్సులు 2005లో గానీ రాలేదు. నేను చేరినప్పుడు భాషకి 600 పాఠాలు, దేశం గురించి ఇంకో 100. అంత పెద్ద సదుపాయం నా ముందు పెట్టుకుని నేను ఏడాదిన్నర వాడుకోలేదు. తాత వాక్యాల్లో వ్యాకరణం తప్పులుంటాయని ఇప్పుడు నాకు తెలుస్తుంది. కానీ ఆయన ఈ ఊళ్ళో ఇల్లు కొన్నాడు, పిల్లల్ని చదివించాడు, ప్రభుత్వ ఆఫీసుల్లో నిలబడి వాదించాడు.

"ఫోన్ ఉండగా ఇంత అవస్థ ఎందుకు?" అని తమ్ముడు అడుగుతాడు. ఫోన్ నాకూ కావాలి. కాగితానికి అది దేవుడిలాంటిది. కొత్త ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేసుకోవాలి, దానికి ఇంటాయన సంతకం చేసిన కాగితం పట్టుకెళ్ళాలి. ప్రభుత్వ ఆఫీసుల భాష జర్మనే అని చట్టంలోనే రాసి ఉంది. అలాంటి ఉత్తరాలన్నీ నేను ఫోటో తీసి అనువాదం చేసుకునే చదువుతాను. ఇంటి అద్దె ఒప్పందం, ఆపరేషన్ లాంటివైతే ఫోన్‌ని కూడా నమ్మను, భాష బాగా తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్తాను. కాగితం మన కోసం ఆగుతుంది, మనిషి ఆగడు. కౌంటర్ దగ్గర ఫోన్ ముందుకు చాపితే ఎదుటి మనిషి మన ముఖం వదిలి స్క్రీన్ వంక చూస్తుంది. ఆ రోజు పని అయిపోతుంది. మర్నాడు మళ్ళీ మొదటి రోజే.

నన్ను అన్నిటికన్నా కదిలించిన విషయం పాప. ఇప్పుడు దానికి నాలుగేళ్ళు. కిండర్‌గార్టెన్‌లో జర్మన్ గలగలా మాట్లాడుతుంది. దానికి రెండేళ్ళప్పుడు డాక్టరు దగ్గర వెయిటింగ్ రూములో ఒకసారి ఒక పిల్లాడు, పదేళ్ళుంటాయేమో, వాళ్ళమ్మ కడుపునొప్పి గురించి డాక్టరమ్మకి చెప్పడం చూశాను. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, నెలసరి ఎప్పుడొచ్చింది, అన్నీ ఆ పిల్లాడి నోటి నుంచే. ఆ తల్లి తల వంచుకుని కూర్చుంది. పిల్లాడు గోడ వంక చూస్తూ చెప్తున్నాడు. ఇంగ్లీషుతో నడిపించుకుంటూ, ఫోన్‌తో నెట్టుకొస్తూ పోతే ఇంకో ఎనిమిదేళ్ళలో నా పాప ఆ కుర్చీలో ఉంటుందనిపించింది. ఆ సాయంత్రమే కోర్సులో పేరు రాయించాను.

కింది అంతస్తులో డెబ్బై దాటిన ఒకావిడ ఉంటుంది. మా పార్సిళ్ళు మేం లేనప్పుడు ఆవిడ దగ్గర పెడతారు. వాటిని తెచ్చుకోబోయి నేర్చుకున్న జర్మన్ నాకు చాలా ఉంది. నా మాట తప్పితే దాన్నే సరిగ్గా తిరిగి పలుకుతుంది, తప్పు అని అనదు. ఏడాది తర్వాత ఒకరోజు తనని 'డూ' అని పిలవమని నాతో అంది. ఇక్కడ ఆ మాట పెద్దవాళ్ళే ముందు అనాలి, అది ఒక గౌరవం. కానీ అంత పెద్దావిడని నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు. పాప ఆవిడని 'ఓమా' అంటుంది, అవ్వ అని. నేనూ ఓమా అనడం మొదలుపెట్టాను. దాని పక్కన డూ కూడా ఒదిగిపోయింది, మన దగ్గర అవ్వని నువ్వు అన్నట్టే.

మొన్న చలికాలంలో ఓమాకి ఛాతీలో కఫం పట్టి లేవలేకపోయింది. ఇప్పుడు మందుల చీటీ ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, ఇన్సూరెన్స్ కార్డు పెడితే అపోటేకెలో కనిపిస్తుంది. ఆ కార్డు ఎవరు పట్టుకెళ్ళినా మందులిస్తారు. నా చేతికి కార్డు, పది యూరోల నోటు ఇచ్చింది. పాపను ఎత్తుకుని అపోటేకెకి వెళ్ళాను. గ్రూస్ గాట్ అన్నాను. కౌంటర్‌లో అమ్మాయి కార్డు పెట్టి, మందులు మీకేనా అంది. మా పక్కింటావిడకి అన్నాను. ఈ మందు ఇంతకుముందు వాడారా అంది. లేదు, కొత్తది, ఎలా వేసుకోవాలో పెద్ద అక్షరాలతో డబ్బా మీద రాసివ్వండి, ఆవిడకి చూపు ఆనదు అన్నాను. రాసింది. ఐదు యూరోలు తీసుకుని మిగతాది ఇచ్చింది.

"సోన్స్ట్ నోఖ్ వాస్?"

"నైన్," అన్నాను, "డాంకె."